‘మా పేట గురించి కాగితాలే లేవంటున్నారు’

ప్రశ్న: మాది కోనసీమలో కాలువ గట్టున ఉన్న చిన్న ఊరు. డిగ్రీ రెండో ఏడాది చదువుతున్నాను. ‘మన ప్రాంతంలో సమానత్వ చరిత్ర’ అని కాలేజీలో ప్రాజెక్టు ఇచ్చారు. కులం, ఆడవాళ్ళ చదువు, భూమి, గుడి, బడి ఏదైనా తీసుకోవచ్చు గానీ ప్రైమరీ సోర్సులు చూపించాలన్నారు. నెట్‌లో వెతికితే వీరేశలింగం గారి మీద అవే రెండు పేరాలు ఇరవై చోట్ల దొరికాయి. మా పేట, అంటే మా దళితవాడ గురించి అడిగితే ‘వాటికి కాగితాలెక్కడివమ్మా’ అంటున్నారు. మా మామ్మ ట్రంకు పెట్టెలో మా ముత్తాత పేరున ఒక పాత రసీదు ఉంది. దాని మీద ‘లేబర్ డిపార్టుమెంటు’ అని, ‘ఆ.ఆం.’ అని, ఒక నంబరు ఉన్నాయి. అది దేనికైనా పనికొస్తుందా? ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

సమాధానం: అమ్మా, ముందు ఒక్క మాట. ఆ రసీదు ఎవరికీ ఇవ్వకండి, లామినేషన్ చేయించకండి. దాని సంగతి చివర్లో చెప్తాను.

‘కాగితాలెక్కడివి’ అన్నవాళ్ళు మిమ్మల్ని మోసం చేయాలని అనలేదు. వాళ్ళు వెతికిన చోటు వేరు. మీ పేటవాళ్ళు తమ గురించి తాము రాసుకున్న కాగితాలు తక్కువే. బడి గడప ఎక్కనివ్వని రోజుల్లో ఎలా రాస్తారు? కానీ వాళ్ళ గురించి ఇతరులు రాసినవి బోలెడున్నాయి. శిస్తు లెక్క కోసం రాశారు, బళ్ళో చేర్చుకున్నప్పుడు రాశారు, బాప్తిస్మం ఇచ్చినప్పుడు రాశారు, జనాభా లెక్కలప్పుడు రాశారు, గొడవ జరిగితే పోలీసులు రాశారు. సమానత్వం గురించి రాస్తున్నామని ఆ గుమాస్తాల్లో ఎవరూ అనుకుని ఉండరు. అందుకే ‘సమానత్వ చరిత్ర’ అని వెతికితే మీకేమీ తగలలేదు. లెక్కల పుస్తకాల్లో వెతకాలి.

మూల ఆధారం, అంటే మీరు చెప్పిన ప్రైమరీ సోర్సు, ఏమిటో నిర్వచనం చెప్పను, ఒక ఉదాహరణ చెప్తాను. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించారు. ఆ రోజుల్లో పత్రికల్లో వచ్చిన వార్త మూల ఆధారం. ఆయన చాలా ఏళ్ళకు రాసుకున్న స్వీయచరిత్ర కూడా మూల ఆధారమే, కాకపోతే అది జ్ఞాపకం, గెలిచిన మనిషి వెనక్కి తిరిగి చూసుకుని రాసినది. మీకు నెట్‌లో దొరికిన రెండు పేరాలు, ఆ పుస్తకం చదివినవాళ్ళ వ్యాసాలు చదివి ఇంకొకరు రాసినవి. మూడూ ఒకే పెళ్ళి గురించి చెప్తున్నా మూడింటి బరువూ ఒకటి కాదు. ఆ పెళ్ళికూతురి మాట వీటిలో ఎంత వినిపిస్తుందో కూడా చూడండి. వినిపించకపోతే, వినిపించలేదని మీ ప్రాజెక్టులో రాయండి.

ఇప్పుడు అసలు పని. మొదటి మజిలీ మీ ఊరి ఎలిమెంటరీ స్కూలు. అక్కడ అడ్మిషన్ రిజిస్టర్ ఉంటుంది. టీసీలకీ, పుట్టిన తేదీ రుజువుకీ ఇప్పటికీ దాని అవసరం పడుతుంది కాబట్టి పాత పుస్తకాలు కూడా బీరువాలో దాచి ఉంచుతారు. పిల్లవాడి పేరు, తండ్రి పేరు, కులం, చేరిన తేదీ, చేరిన తరగతి, మానిన తేదీ, కొన్నిట్లో మానిన కారణం. ఇంతే ఉంటుంది. ఈ గడుల్లోనే మీ ఊరి చరిత్ర సగం ఉంది.

చాలా ఏళ్ళ కిందట గోదావరి పాయ ఒడ్డున ఒక ఊరి బడిలో అలాంటి పుస్తకం చూశాను. ఖాకీ గుడ్డ అట్ట, మూలలు ఎలుకలు కొట్టేశాయి. 1920ల నాటి పేజీల్లో ఒక పిల్లవాడి పేరు పక్కన కులం గడిలో ‘పంచమ’ అని నల్ల సిరాతో రాసి ఉంది. అంటరానివాళ్ళుగా చూసిన కులాలకు అప్పట్లో వాడిన మాట అది. దాని మీద ఒక్క గీత. గీతకు పైన, కొంచెం పలచని సిరాతో ‘ఆ.ఆం.’, అంటే ఆది ఆంధ్ర, అని ఉంది. ఆ పేజీలో అలా దిద్దినవి ఇంకో నాలుగు. తర్వాతి పేజీ నుంచి దిద్దుబాట్లు లేవు, నేరుగా ‘ఆ.ఆం.’ అనే రాశారు, అదే చేతిరాతతో. 1917 నవంబరులో బెజవాడలో దళిత నాయకుడు భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన సభ ‘పంచమ’ అనే మాట వద్దని, ‘ఆది ఆంధ్ర’ అనే పేరు నిలబెట్టింది. 1922లో మద్రాసు ప్రభుత్వం కాగితాల్లో ఆ పేరే వాడాలని ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఉత్తర్వు ఒక మారుమూల ఊరి మాస్టారి కలం దాకా వచ్చిందనడానికి ఆ గీతే సాక్ష్యం. ఏ పుస్తకం చదివినా నాకు అంత దగ్గరగా తెలియలేదు.

మీరు ఆ పుస్తకం ముందు కూర్చున్నప్పుడు మానిన తేదీల మీద ఎక్కువ సేపు గడపండి. ఎంతమంది చేరారు, మూడో తరగతి దాటినవాళ్ళు ఎంతమంది, ఏ నెలల్లో మానేశారు? ఊడ్పుల నెలా, కోతల నెలా? ఆడపిల్ల పేరు మొదటిసారి ఏ ఏడాది వచ్చింది? పేట నుంచి ఆడపిల్ల పేరు ఏ ఏడాది వచ్చింది? ఈ రెండు ఏళ్ళకీ మధ్య ఎంత దూరం ఉందో ఒక గీత గీసి చూపిస్తే, మీ ప్రాజెక్టులో అంతకన్నా గట్టి పేజీ ఉండదు. చాలా ఊళ్ళలో పేటకు వేరే బడి ఉండేది. పంచమ బడి, ఆది ఆంధ్ర బడి, హరిజన పాఠశాల, మిషన్ బడి, ఇలా పేర్లు మారుతూ వచ్చాయి. ఆ బడి మూతపడితే దాని పుస్తకాలు ఏ బడిలో కలిపారో పాత టీచర్లను అడగండి.

త్వరగా వెళ్ళండి. 1996 నవంబరు తుపానులో మన వైపు చాలా చోట్ల పుస్తకాలు తడిసి ముద్దయ్యాయి. తుపాను నుంచి బతికినవి మనుషుల చేతిలో పోతున్నాయి. ఒక ఊళ్ళో నేను సగం రాసుకుని, మిగతాది వచ్చే సెలవుల్లో చూద్దామని వచ్చేశాను. మళ్ళీ వెళ్ళేసరికి గది సున్నం కొట్టించారు, బీరువా కొత్తది పెట్టారు, పాత పుస్తకాలు కిలోల లెక్కన అమ్మేశారు. ఆ బాధ ఇప్పటికీ పోలేదు. చూసిన రోజే ఫోటో తీసుకోవాలని అప్పటి నుంచి అందరికీ చెప్తున్నాను. హెడ్మాస్టరు గారికి మీ ప్రిన్సిపాల్ సంతకంతో ఉత్తరం పట్టుకెళ్ళండి, ఫోటోలు తీయడానికి అనుమతి అందులోనే అడగండి.

వెతికేటప్పుడు మీ చేతిలో ఉండాల్సిన తాళం చెవి, ఏ కాలంలో ఏ మాట వాడారన్నది. ‘దళిత’ అని కొడితే 1925 నాటి కాగితం బయటికి రాదు. ఇంగ్లీషు ఫైళ్ళలో మొదట మాల, మాదిగ, పరయ అనే రాశారు. తర్వాత పంచమ, డిప్రెస్డ్ క్లాసెస్ వచ్చాయి, ఆ తర్వాత ఆది ఆంధ్ర. 1930ల్లో గాంధీ గారి ఉద్యమంతో హరిజన అనే మాట పాకింది. 1935 చట్టం తర్వాత షెడ్యూల్డ్ కులాలు అన్నారు. దేవదాసీల విషయం కూడా అంతే. ఒక చోట సాని, ఒక చోట భోగం, ఒక చోట కళావంతులు, ఇంగ్లీషులో డాన్సింగ్ గర్ల్స్. వాటిలో కొన్ని మాటలు చదువుతుంటే మనసు కష్టపడుతుంది. వెతకడానికి వాడండి, ఉటంకింపులో ఉన్నది ఉన్నట్టు ఉంచండి, మీ సొంత వాక్యంలో మాత్రం ఆ మనుషులు తమను తాము పిలుచుకునే పేరే రాయండి. ఊళ్ళ పేర్లకు కూడా పాత ఇంగ్లీషు స్పెల్లింగులు పట్టుకోవాలి. కాకినాడ అంటే కొకనాడా, ఏలూరు అంటే ఎల్లోర్, గోదావరికి గోదావెరీ అని కూడా ఉంటుంది.

జిల్లా పేరు దగ్గర చాలామంది దెబ్బతింటారు, నేనూ ఒక నెల పోగొట్టుకున్నాను. 1859కి ముందు మనది రాజమండ్రి జిల్లా, ఆ తర్వాత గోదావరి జిల్లా. 1904లో ఏలూరు, తణుకు, భీమవరం, నరసాపురం తాలూకాలను తీసి కృష్ణా జిల్లాలో కలిపారు. 1925లో అవి కృష్ణా నుంచి విడిపోయి పశ్చిమ గోదావరి అయ్యాయి, మిగిలిన గోదావరి జిల్లా తూర్పు గోదావరి అయింది. అంటే 1904కీ 1925కీ మధ్య నరసాపురంలో ఏం జరిగినా ఆ ఫైలు కృష్ణా జిల్లా కట్టలో ఉంటుంది. హెమింగ్వే అనే బ్రిటిష్ అధికారి 1907లో తెచ్చిన గోదావరి గెజెటీర్‌లో (జిల్లా వివరాల పుస్తకంలో) భీమవరం కనబడలేదని ఒక కుర్రాడు నా దగ్గరికి వచ్చి కంగారు పడ్డాడు. కారణం ఇదే. మీది అమలాపురం వైపు కాబట్టి మీకు ఈ చిక్కు లేదు, కానీ ఏటి అవతలి ఊళ్ళతో పోల్చాలనుకుంటే గుర్తుంచుకోండి.

భూమి సంగతికి వద్దాం. తహసీల్దారు ఆఫీసులో రీసెటిల్మెంట్ రిజిస్టరు ఉంటుంది, ఆర్.ఎస్.ఆర్. అంటారు. ఇంగ్లీషూ తెలుగూ రెండూ పక్కపక్కన ఉంటాయి కాబట్టి డైగ్లాట్ అని కూడా అంటారు. అందులో సర్వే నంబరు వారీగా ప్రతి ముక్కా ఎవరిది, పోరంబోకైతే దేనికి వదిలారు అని రాసి ఉంటుంది. ఊరి గ్రామకంఠం, అంటే ఇళ్ళ జాగా, ఏ నంబరులో ఉంది, మీ పేట దానిలో ఉందా, లేక పక్కన వేరే నంబరులో ఉందా, ఎవరి పట్టా భూమిలోనైనా ఉందా? చెరువు ఎన్ని, శ్మశానాలు ఎన్ని? ఒక ఊరికి మూడు శ్మశానాలు విడివిడిగా ఉంటే, ఆ మూడు నంబర్లే ఆ ఊరి గురించి చాలా చెప్తాయి. ఊరి భూమి లెక్కలు రాసే కరణాల వ్యవస్థ 1984లో రద్దయింది. లెక్కలన్నీ ఆఫీసులకు చేరాలి గానీ, కొన్ని పాత పుస్తకాలు ఆ కుటుంబాల అటకల మీదే ఉండిపోయాయి. మర్యాదగా అడిగితే చూపించేవాళ్ళు ఉన్నారు. ఆఫీసులో ‘లేదు’ అంటే సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ‘మా ఊరి చరిత్ర ఇవ్వండి’ అని రాయకండి. ‘ఫలానా గ్రామం ఆర్.ఎస్.ఆర్. నకలు, ఫలానా సర్వే నంబరు పేజీ’ అని రాయండి.

దానికన్నా వెనక్కి వెళ్ళాలంటే ఇనాం ఫెయిర్ రిజిస్టర్లు. 1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్ వేసి, ఊరూరా ఉన్న మాన్యాల, అంటే సేవకు ప్రతిఫలంగా ఇచ్చిన భూముల, లెక్క తీయించింది. మంగలి మాన్యం, చాకలి మాన్యం, వెట్టి మాన్యం, సాని మాన్యం, ఇలా ప్రతిదానికీ ఒక నమోదు. ఎవరిచ్చారు, ఏ సేవకిచ్చారు, ఎంత భూమి, ఇప్పుడు ఎవరి అనుభవంలో ఉంది, ఆ మనిషి వయసు, వారసులు. ఎవరు ఏ పనికి కట్టుబడి బతికారో, ఆ పనికి ఊరు ఎంత నేల ఇచ్చిందో ఎకరాలతో సహా తెలుస్తుంది. పురోహితుడికి ఎంత, వెట్టివాడికి ఎంత అని పక్కపక్కన రాసి చూడండి. మూల ప్రతులు రాష్ట్ర ఆర్కైవ్స్ వాళ్ళ దగ్గర ఉంటాయి. దేవాలయ భూముల తగాదాల్లో ఇవే రుజువు కాబట్టి దేవాదాయ శాఖ ఆఫీసుల్లో నకళ్ళు కూడా దొరుకుతుంటాయి.

ఆ రిజిస్టర్లలో పేజీలకు పేజీలు మగవాళ్ళ పేర్లే ఉంటాయి. గుడి సేవ దగ్గరికి వచ్చేసరికి హఠాత్తుగా ఆడవాళ్ళ పేర్లు, తల్లి తర్వాత కూతురు, భూమికి హక్కుదార్లుగా. అక్కడి నుంచి దారం పట్టుకుని ముందుకు రండి. 1927లో ముత్తులక్ష్మి రెడ్డి గారు మద్రాసు శాసనమండలిలో దేవదాసీ పద్ధతి మీద తీర్మానం పెట్టారు. 1929 చట్టంతో ఆ మాన్యాలను గుడి సేవ నుంచి విడదీశారు. 1947లో అంకితం చేయడాన్నే నిషేధించారు. మండలి చర్చలు అచ్చయ్యాయి, స్కాన్లు దొరుకుతాయి. పద్ధతి పోవాలన్నవాళ్ళ మాటలతో పాటు, మా బతుకు, మా భూమి ఏమవుతుందని ఆ ఆడవాళ్ళు పెట్టుకున్న అర్జీలు కూడా చదవాలి. సంస్కర్తల గొంతు ఒక్కటే వింటే కథ సగమే. ఒక్క జాగ్రత్త: ఆ కుటుంబాల వారసులు ఇప్పటికీ మన ఊళ్ళలోనే ఉన్నారు. ఇంటిపేర్లు మీ ప్రాజెక్టులో రాయకండి.

ఇంకా వెనక్కి పోవాలనిపిస్తే ద్రాక్షారామం గుడి శాసనాలున్నాయి. దక్షిణ భారత శాసనాల నాలుగో సంపుటంలో వాటి పాఠాలు అచ్చయ్యాయి. అఖండ దీపాలకు దానం ఇచ్చిన ఆడవాళ్ళ పేర్లు వాటిలో ఎన్నో. మీ ప్రాజెక్టుకు ఇవి అంత అవసరం లేదు గానీ, ఒకసారి గుడికి వెళ్ళినప్పుడు ఆ రాళ్ళ ముందు కాసేపు నిలబడండి.

పత్రికల దగ్గరికొస్తే, మీరు ఒక వైపే చూస్తున్నారు. వీరేశలింగం గారు 1874లో వివేకవర్ధని మొదలుపెట్టారు, 1883లో ఆడవాళ్ళ కోసం సతీహితబోధిని తెచ్చారు. నిజమే. కానీ 1902లో ఏలూరులో మొదలైన హిందూ సుందరిలో ఆడవాళ్ళే రాశారు. కాకినాడ నుంచి పులుగుర్త లక్ష్మీనరసమాంబ గారు సావిత్రి పత్రిక నడిపారు. ఆడవాళ్ళు చదువుకోవాలన్నారు, కానీ వితంతు వివాహాలను ఒప్పుకోలేదు. ఆమెను ‘వెనకబడిన మనిషి’ అని పక్కకు పెట్టేయకండి. అప్పటి ఆడవాళ్ళు ఒకే మాట మీద లేరని, వాళ్ళలో వాళ్ళే వాదించుకున్నారని ఆ పత్రిక వల్లే మనకు తెలుస్తుంది. 1921లో గరిమెళ్ళ సత్యనారాయణ గారి ‘మాకొద్దీ తెల్లదొరతనము’ పాట ఊరూరా మారుమోగుతుంటే, రాజమండ్రికి చెందిన కుసుమ ధర్మన్న గారు ‘మాకొద్దీ నల్లదొరతనము’ అని రాశారు. ఆ రెండు శీర్షికలనూ పక్కపక్కన పెట్టి మీ ప్రాజెక్టు మొదలుపెట్టినా తప్పులేదు. ధర్మన్న గారు నడిపిన జయభేరి పత్రిక సంచిక ఎక్కడైనా ఒక్కటి కనబడినా బంగారంలా చూసుకోండి.

ఈ పత్రికలకు మీరు తిరగాల్సిన చోట్లు రెండు. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం మీకు దగ్గర. వేటపాలెం సారస్వత నికేతనం కొంచెం దూరమే గానీ, పాత పత్రికల కోసం పరిశోధకులందరూ వెళ్ళే చోటు అది. ఆంధ్రపత్రిక లాంటివి ప్రెస్ అకాడమీ వాళ్ళు స్కాన్ చేయించారు, చాలా పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా ఉన్నాయి. తెలుగు పేర్లను అక్కడ ఇంగ్లీషు అక్షరాల్లో రకరకాలుగా టైపు చేశారు, కాబట్టి ఒక్క స్పెల్లింగుతో వెతికి వదిలేయకండి. అసలు పత్రిక పోయినా దాని నీడ దొరికే చోటు ఇంకొకటుంది. మన పత్రికలు ఏం రాస్తున్నాయో కనిపెట్టడానికి మద్రాసు ప్రభుత్వం వాటిలోని వార్తల సారాంశాన్ని ఇంగ్లీషులో రాయించి, రహస్య నివేదికలుగా అచ్చు వేయించుకునేది. నేటివ్ న్యూస్‌పేపర్ రిపోర్టులంటారు. నిఘా కోసం చేసిన పని ఇప్పుడు మనకు అక్కరకొస్తోంది. అనువదించినవాడు ఏది వదిలేశాడో తెలియదన్నది మాత్రం మనసులో ఉంచుకోవాలి.

మీ ఊళ్ళో చర్చి ఉంటే పాస్టరు గారిని బాప్తిస్మం, పెళ్ళి, సమాధి రిజిస్టర్లు అడగండి. పేటలవాళ్ళ పేర్లు పూర్తిగా, గౌరవంగా రాసిన తొలి పుస్తకాలు కొన్ని ఊళ్ళలో ఇవే. 1830ల్లో బౌడెన్, బీర్ అనే ఇద్దరు మిషనరీలు నరసాపురం చేరారు, అదే గోదావరి డెల్టా మిషన్‌కు మొదలు. 1874లో కెనడా బాప్టిస్టులు కాకినాడ వచ్చారు. రాజమండ్రిలో లూథరన్లు ఉన్నారు. వీళ్ళు ఇంటికి రాసిన ఉత్తరాలు, నెలనెలా వేసిన పత్రికలు భద్రంగా ఉన్నాయి. నరసాపురం మిషన్ వాళ్ళది బ్రదరెన్ సంఘం; ఆ సంఘం కాగితాలు ఇంగ్లండులో మాంచెస్టర్ విశ్వవిద్యాలయం దగ్గర, కెనడా వాళ్ళవి హామిల్టన్‌లో మెక్‌మాస్టర్ దగ్గర ఉన్నాయి. అంత దూరం వెళ్ళనక్కర్లేదు, ఊరి పేరు, ఏడాది స్పష్టంగా రాసి మెయిల్ పెట్టి చూడండి. చదివేటప్పుడు మాత్రం ఒకటి గమనించండి. ఆ ఉత్తరాలు చందాలు ఇచ్చేవాళ్ళ కోసం రాసినవి. కష్టాన్ని చీకటిగా, తమ పనిని వెలుగుగా చూపించడం వాటిలో సహజం. అందులోని విశేషణాలు పక్కన పెట్టి తేదీలు, పేర్లు, బడిలో పిల్లల సంఖ్య తీసుకోండి.

కాగితంలో లేనిది మీ మామ్మ నోట ఉంది. ఫోన్‌లో రికార్డు పెట్టి కూర్చోండి, పెట్టేముందు ఆమెకు చెప్పండి. ‘వివక్ష ఎలా ఉండేది మామ్మా?’ అని అడిగితే ‘ఏముందమ్మా, ఉండేది’ అని ఊరుకుంటుంది. నీళ్ళ గురించి అడగండి. ఎక్కడి నుంచి తెచ్చుకునేవారు? చెరువులో బిందె ముంచనిచ్చేవారా, ఎవరైనా పైనుంచి పోస్తే పట్టుకునేవారా? ఎంతసేపు గట్టున నిలబడేవారు? ఏ దారిన వెళ్ళేవారు, ఏ వీధి చుట్టూ తిరిగి వెళ్ళేవారు? మొదటి కుళాయి ఎప్పుడొచ్చింది, ఎక్కడ వేశారు? టీ కొట్లో గ్లాసు ఎక్కడుండేది? ఇలా అడిగితే ఆమె చేతులతో చూపిస్తూ చెప్తుంది. చేతులతో ఏం చూపించిందో కూడా రాసుకోండి, రికార్డులో అది రాదు. సంవత్సరం గుర్తుండదు. 86 వరదకు ముందా తర్వాతా, మీ నాన్న పుట్టాకా, దాళ్వా మొదలయ్యాకా అని అడిగితే ఏడాది దానంతట అదే తేలుతుంది. ఆ చెరువు నంబరు మీకు ఆర్.ఎస్.ఆర్.లో ఇప్పటికే దొరికి ఉంటుంది. రెండూ ఒకచోట పెట్టండి.

ఇవన్నీ పాత సంగతులు అనుకోకండి. 2022లో కోనసీమ జిల్లాకు అంబేద్కర్ గారి పేరు పెట్టే ప్రకటన రావడం, అభ్యంతరాలు కోరడం, మే 24న అమలాపురంలో ఇళ్ళు తగలబెట్టడం మీరు చూస్తుండగానే జరిగాయి. ఆ గెజిట్ నోటిఫికేషన్, ఆ వారం పేపర్లు, రెండు వైపులా పంచిన కరపత్రాలు ఇప్పుడే దాచండి. మీ కాలేజీ లైబ్రరీలో ఒక ఫైలు పెట్టమని అడగండి.

ఇక మీ రసీదు. 1920 ప్రాంతంలో మద్రాసు ప్రభుత్వం అణగారిన కులాల పని చూడడానికి లేబర్ కమిషనర్ని పెట్టింది. బళ్ళు, బావులు, భూములు, అన్నిటికన్నా ముఖ్యంగా ఇళ్ళ స్థలాలు. అప్పట్లో చాలా కుటుంబాలు రైతు చేను గట్టున గుడిసె వేసుకుని ఉండేవి. కూలి దగ్గర మాట తేడా వస్తే గుడిసె పీక్కుని పొమ్మనేవారు. సొంత జాగా ఉంటేనే కూలి దగ్గర నోరు పెగులుతుంది. ఆ శాఖ స్థలం సేకరించి, సహకార సంఘం పెట్టించి, దాని ధర ఆ కుటుంబాల దగ్గరే వాయిదాల మీద వసూలు చేసేది. మీ ముత్తాత రసీదు అలాంటి వాయిదాదని నా అంచనా. అదే అయితే, మీ ఇల్లు ఉన్న నేలను ఎవరూ ఊరికే ఇవ్వలేదు. ఆయన కూలి డబ్బులతో కొన్నాడు, మీ మామ్మ ఆ రసీదు అందుకే దాచింది. ఆమెను అడగండి, ఏం చెప్తుందో చూడండి.

రసీదును పగటి వెలుగులో, ఫ్లాష్ లేకుండా రెండు వైపులా ఫోటో తీయండి. పక్కన స్కేలు పెట్టండి. మడతల దగ్గర టేపు అంటించకండి. రెండు తెల్ల కాగితాల మధ్య పెట్టి, గట్టి అట్ట ఫైల్లో ఉంచి, మళ్ళీ మామ్మ పెట్టెలోనే పెట్టండి. తర్వాత దాని మీది సంఘం పేరు, నంబరు, తేదీ, సంతకం పక్కన ఉన్న హోదా విడిగా రాసుకోండి. తేదీ ఉంటే పని సగం అయినట్టే. లేబర్ శాఖ ప్రతి ఏడాదీ నివేదిక అచ్చు వేసేది. స్థలం సేకరణ ఉత్తర్వు జీవోగానో, బోర్డ్ ఆఫ్ రెవెన్యూ ప్రొసీడింగ్స్‌గానో చెన్నై ఎగ్మోరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉండే అవకాశం ఎక్కువ. అక్కడ శాఖ, నంబరు, తేదీ ఈ మూడూ చెప్తేనే కట్ట బయటికి తీస్తారు. అసలు కట్ట దొరికితే ఉత్తర్వుతో ఆగకండి, వెనకాల కుట్టిన కాగితాలు తిప్పండి. స్థలం ఇవ్వనన్న భూస్వామి అభ్యంతరం, కలెక్టరు జవాబు, ఒక్కోసారి పేటవాళ్ళు వేలిముద్రలు వేసి పెట్టుకున్న అర్జీ అందులోనే ఉంటాయి.

సంఘం పేరు, తేదీ రాసి నాకు మళ్ళీ ఉత్తరం వేయండి. ఆ ఏడాది నివేదికలో ఏ అధ్యాయం చూడాలో రాసి పంపుతాను.